ఒక్క వేసవి కోసం పుట్టిన బొమ్మలు

జపాన్ చెక్క అచ్చు బొమ్మల చరిత్ర రాసేవాళ్ళు సాధారణంగా రంగస్థల నటులతోనో, వేశ్యావాటికల అందగత్తెలతోనో, ఫుజి కొండతోనో మొదలుపెడతారు. విసనకర్ర బొమ్మ ఆ కథ చివరి పేజీల్లో చిల్లర సరుకు కింద వస్తుంది. నేడు మనం టోక్యో అంటున్న ఎడో నగరంలో అది నిజంగా చిల్లర సరుకే. వేసవి మొదట్లో కొంటారు, చెమట పట్టిన చేతులతో నెలల తరబడి ఊపుతారు. చలిగాలి మొదలయ్యేసరికి కాగితం నలిగి, అంచులు లేచిపోయి ఉంటుంది. వచ్చే ఏడు మళ్ళీ కొత్త బొమ్మతో కొత్త విసనకర్ర. కానీ ఆ కాలపు ఇళ్ళలో ఆడవాళ్ళు తీరిక వేళ ఏం చేసేవారు, పిల్లలు వాకిట్లో ఏం ఆడుకునేవారు అని తెలుసుకోవాలంటే నేను మొదట వెతికేది ఈ చిల్లర సరుకునే. రంగస్థలానికీ వేశ్యావాటికకూ పెద్ద కాగితాల మీద ఎప్పుడూ చోటుంది. ఇంటికి చోటు దొరకడానికి మాత్రం ఒక వేసవి వస్తువూ, ఒక కొత్త రంగూ, ఒక ప్రభుత్వ నిషేధమూ కలిసిరావలసి వచ్చింది.

జపాన్‌లో విసనకర్రలు రెండు రకాలు. మడిచి నడుములో దోపుకునేది ఒకటి. మడత పడకుండా, పిడితో, ఆకు ఆకారంలో ఉండేది రెండోది. దీని పేరు ఉచివా. చైనా నుంచి శతాబ్దాల క్రితమే వచ్చిన ఈ రెండో రకమే సామాన్యుల ఇళ్ళలో వాడేది. దాని మీద అంటించడానికి అచ్చు వేసిన బొమ్మ ఉచివా-ఎ. ఎడో పద్ధతిలో విసనకర్ర మొత్తం ఒకే వెదురు ముక్కతో తయారవుతుంది. సన్నని గుండ్రటి వెదురును ఒక చివర పిడిగా వదిలేసి, రెండో చివరను నలభై ఎనిమిది నుంచి అరవై నాలుగు దాకా పుల్లలుగా చీలుస్తారు. ఆ పుల్లలను దారంతో అల్లి విప్పారేలా చేసి, రెండు వైపులా కాగితం అంటించి, అంచు కత్తిరిస్తారు. అందుకే బొమ్మకు ఆ విచిత్రమైన ఆకారం: అడ్డంగా వెడల్పు, మూలలు గుండ్రం, కింద పిడి దగ్గర ఒక అర్ధచంద్రపు కోత. సుమారు 22 సెంటీమీటర్ల ఎత్తు, 29 సెంటీమీటర్ల వెడల్పు. చిత్రకారుడు ఈ హద్దులో గీయాలి. నిలువెత్తు మనిషికి ఇక్కడ చోటు చాలదు. నడుము దాకా కనిపించే స్త్రీ, ఆమె భుజం మీదికి ఎగబాకే పిల్లవాడు, వెనక కొంచెం నది, కొంచెం ఆకాశం ఇందులో చక్కగా ఇముడుతాయి. తల్లీబిడ్డల బొమ్మ ఇక్కడ అంత సహజంగా కుదరడానికి వెదురు చీల్చినవాడి చెయ్యి కూడా కొంత కారణమని నా నమ్మకం.

ఈ బొమ్మలను అచ్చు వేయించినవాళ్ళు మామూలు బొమ్మల ప్రచురణకర్తలు కారు, విసనకర్రల టోకు వర్తకులు. నిహోంబాషి దగ్గర హోరియె-చో అనే పేటలో, కాలవ ఒడ్డున, వాళ్ళ దుకాణాలు వరసగా ఉండేవి. ఆ ఒడ్డుకు విసనకర్రల రేవని పేరే పడిపోయింది. 1590లో వెదురు, కాగితం వ్యాపారంగా మొదలైన ఇబాయా వంశం దుకాణాలు వాటిలో పేరున్నవి. వాళ్ళలో ఇబాయా సెన్‌జబురో ముద్ర ఎన్నో మంచి విసనకర్ర బొమ్మల మూల కనిపిస్తుంది. వర్తకుడు పెట్టుబడి పెడతాడు, చిత్రకారుడు గీత గీస్తాడు, చెక్కేవాడు ఆ కాగితాన్ని అడవి చెర్రీ చెక్క మీద బోర్లా అంటించి గీతను మిగిల్చి మిగతాది తొలుస్తాడు, అచ్చు వేసేవాడు ఒక్కో రంగుకు ఒక్కో చెక్క చొప్పున రుద్దుతాడు. వేసవి ముందే ఇదంతా పూర్తి కావాలి. ఎండలు మొదలవగానే వీధుల్లో విసనకర్రలు అమ్మేవాళ్ళ కేకలు వినిపించేవి. వాళ్ళు అమ్మిన రకాల్లో సరసా అద్దకం రకం కూడా ఉండేది. సరసా అంటే భారతదేశపు అద్దకం బట్ట. డచ్చి ఓడల్లో జపాన్ చేరిన ఆ బట్టల్లో మన మచిలీపట్నం తీరంలో తయారైనవీ ఉన్నాయి. ఎడో వీధిలో గాలి విసురుకున్న ఎవరి చేతిలోనో మన కలంకారి పువ్వుల పోలిక ఉందని తలుచుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది.

తొలి దశ గురించి మిగిలిన సాక్ష్యం తక్కువ. 1740ల్లో చిత్రకారుడు ఒకుమురా మసనోబు కాలంలో గులాబీ, ఆకుపచ్చ రెండే రంగులతో వేసిన విసనకర్ర బొమ్మలు కొన్ని ఉన్నాయి. 1765లో సుజుకి హరునొబు బొమ్మలతో బహువర్ణ ముద్రణ మొదలైంది. ఆ ఏడాది ఎడో సంపన్నులు ఒకరితో ఒకరు పోటీపడి అచ్చు వేయించుకున్న క్యాలెండర్ బొమ్మలే దానికి ప్రేరణ. హరునొబు ఐదేళ్ళకే, 1770లో, చనిపోయాడు గానీ ఆ కొద్ది కాలంలోనే ఇంటి ఆడపిల్లలను, వాళ్ళ చిన్న చిన్న పనులను, ఆటలను బొమ్మకు తగిన వస్తువులుగా నిలబెట్టాడు. తర్వాత కత్సుకవా షున్‌షో మడత విసనకర్ర ఆకారంలో నటుల బొమ్మలు వేశాడు. కొన్నవాళ్ళు వాటిని కత్తిరించి నిజంగానే విసనకర్రలకు అంటించుకునే వీలుండేది. ఆ కాలానికి విసనకర్ర అంటే అభిమాన నటుడి ముఖమే.

పిల్లలను పెద్ద బొమ్మలోకి తెచ్చినవాడిగా చిత్రకారుడు ఉతమారోను చెప్పాలి. అతను విసనకర్ర బొమ్మలకు పేరుపడ్డవాడు కాడు, కానీ అతన్ని దాటి ఈ కథ ముందుకు సాగదు. 1790ల్లో ప్రభుత్వం వరసగా ఆంక్షలు పెట్టింది. వేశ్యలు కాని స్త్రీల పేర్లు బొమ్మల మీద వేయకూడదంది. 1800లో స్త్రీల పెద్ద తలల బొమ్మలే వద్దంది. ఆ ఏళ్ళలో ఉతమారో కొండల్లో తిరిగే యమౌబా అనే స్త్రీని, ఆమె పెంచే బలశాలి బాలుడు కింతారోను మళ్ళీ మళ్ళీ గీశాడు. పురాణకథ పేరుతో అచ్చమైన తల్లీబిడ్డల బొమ్మలవి. పాలు తాగుతూ తల్లి వైపు చూసే పిల్లవాడు, జుట్టు గొరిగించుకోవడానికి మొరాయించే పిల్లవాడు. చివరికి 1804లో సైనిక నాయకుడు హిదెయోషిని గీసినందుకు ఉతమారో చేతులకు యాభై రోజులు సంకెళ్ళు పడ్డాయి. 1806లో కన్నుమూశాడు. ఇదే కాలంలో ఎయిషోసాయి చోకి అనే చిత్రకారుడు మిణుగురులు పట్టే తల్లీబిడ్డల బొమ్మ వేశాడు. నల్లని రాత్రి, నీటి పక్కన పూలు, గాలిలో మెరుపు చుక్కలు, చెయ్యి చాచిన పిల్లవాడు. తర్వాతి అరవై ఏళ్ళలో విసనకర్రల మీద వచ్చిన మిణుగురుల బొమ్మలన్నీ ఏదో ఒక విధంగా ఈ బొమ్మకు చుట్టాలే.

ఇక అసలు మలుపు 1829. బెర్లిన్‌లో పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో పుట్టిన ప్రష్యన్ నీలం అంతకుముందే జపాన్ చేరింది గానీ ఖరీదైనది. 1820ల చివరికి ధర పడిపోయింది. 1829లో కెయ్‌సాయి ఐసెన్ అనే చిత్రకారుడితో ఇసెయా సోబెయ్ అనే విసనకర్రల వర్తకుడు కేవలం ఆ నీలి ఛాయలతోనే ఒక విసనకర్ర వేయించాడు. ఒక వైపు చైనా తరహా కొండలు, మరో వైపు ఎడోలోని సుమిదా నది. అది విరగబడి అమ్ముడుపోయింది. దాన్ని చూసి మిగతా వర్తకులూ నీలం మీద పడ్డారు. హొకుసాయి ఫుజి కొండ బొమ్మల వరస నీలిరంగు బొమ్మలుగా ప్రకటనల్లోకి వచ్చింది దీని తర్వాతే. ప్రపంచమంతా ఇవాళ గుర్తుపట్టే జపాన్ నీలం మొదట జనాన్ని ఆకట్టుకున్నది గాలి విసురుకునే వస్తువు మీద అన్న సంగతి చాలామంది మరిచిపోతారు. అందులో ఆశ్చర్యం కూడా లేదు. చూడగానే చల్లగా అనిపించే రంగు ముందుగా అక్కరకొచ్చేది ఎండలో నిలబడ్డవాడికే కదా. అదే కారణంతో వేసవి విసనకర్రల మీద మంచు బొమ్మలు కూడా వేసేవారు. పిల్లలు మంచు ముద్దను దొర్లించి పెద్దది చేయడం, మంచుతో కుక్కపిల్లను తయారుచేయడం లాంటి శీతకాలపు ఆటలు మండుటెండలో చేతిలో ఊగేవి.

ఆ వేడిలోనే 1842 వచ్చింది. దేశంలో కరువు, ధరలు, తిరుగుబాట్లు. ప్రధానమంత్రి స్థానంలో ఉన్న మిజునో తదకుని టెన్‌పో సంస్కరణల పేరుతో పొదుపు, నీతి నగరం మీద రుద్దాడు. ఆ ఏడాది ఆరో నెలలో నటుల బొమ్మలు, వేశ్యల బొమ్మలు, గెయ్‌షాల బొమ్మలు పూర్తిగా నిషేధించారు. రంగుల సంఖ్యకూ ధరకూ హద్దులు పెట్టారు. విధేయత, పితృభక్తి, స్త్రీలకూ పిల్లలకూ ఉపయోగపడే బోధ ఉన్న బొమ్మలు వేసుకోమన్నారు. వర్తకుల దృష్టితో చూస్తే ఇది తల మీద పిడుగు. ఏటా అమ్ముడయ్యే సరుకులో అసలు భాగం పోయింది. వేసవి మాత్రం ఆగదు, విసనకర్రలు కావాలి.

చిత్రకారుడు కునియోషి ఈ నిషేధాన్ని ఎదుర్కొన్న తీరు పేరుపొందింది. నిషేధం చుట్టుముట్టిన ఆ రోజుల్లోనే ఒక విసనకర్ర మీద నటుల ముఖాలను పిల్లుల ముఖాలుగా వేశాడు. చూసినవాళ్ళు ఎవరెవరో గుర్తుపట్టారు. పిల్లుల మీద అతనికున్న ప్రేమ నిజమైనది, నటుల మీద జనానికున్న ప్రేమా నిజమైనదే. కానీ నా దృష్టిలో ఇంతకంటే లోతైన మార్పు మరొకటి జరిగింది. అనుమతి ఉన్న వస్తువు కాబట్టి మామూలు ఇళ్ళ ఆడవాళ్ళు, వాళ్ళ పిల్లలు బొమ్మ నిండా పరుచుకున్నారు. కునిసాడా, కునియోషి, హిరోషిగే ముగ్గురూ 1840ల్లో ఇలాంటి బొమ్మలు విస్తారంగా వేశారు. నీతి పేరుతో అడిగిన బొమ్మ అది. చిత్రకారులు ఇచ్చింది మాత్రం అల్లరి. పుస్తకం ముందు కూర్చోవలసిన పిల్లవాడు అక్క జడ లాగుతాడు. దోమతెర కింద నిద్రపుచ్చుతున్న తల్లిని దాటి పాకి బయటికొచ్చేస్తాడు. స్నానం చేయించబోతే తప్పించుకు పారిపోతాడు. తదకుని 1843లోనే పదవి పోగొట్టుకున్నాడు, కొన్నేళ్ళకు నటుల బొమ్మలు మళ్ళీ మెల్లగా తల ఎత్తాయి. కానీ ఆడవాళ్ళు, పిల్లలు అప్పటికే బొమ్మల్లో పాతుకుపోయారు, వెళ్ళిపోలేదు.

ఆటల సంగతి కాస్త ఆగి చూడాలి. ఋతువును బట్టి ఆటలు మారేవి, బొమ్మలూ వాటితో నడిచేవి. కొత్త సంవత్సరంలో మగపిల్లల చేతుల్లో గాలిపటాలు, ఆడపిల్లల చేతుల్లో చెక్క బ్యాట్లు. ఆ బ్యాటుతో కొట్టే బంతి ఒక గట్టి నల్లని గింజ, దానికి పక్షి ఈకలు గుచ్చుతారు. ఆ గింజ ముకురోజి అనే చెట్టుది. మన కుంకుడు చెట్టుకు అది దగ్గరి బంధువు. రంగు దారాలు చుట్టి చేసిన బంతిని నేలకు కొడుతూ పాట పాడటం ఆడపిల్లల ఆట. వెదురు మరకాళ్ళు కట్టుకుని నడవడం, బొంగరాలు తిప్పడం, మెడలకు తాడు తగిలించుకుని ఇద్దరు ఎదురెదురుగా లాగడం మగపిల్లలవి. కళ్ళగంతలు, వేళ్ళ మధ్య దారంతో ఆకారాలు అల్లడం, దీపం ముందు చేతులతో గోడ మీద నీడలు వేయడం, సబ్బు బుడగలు ఊదడం అందరివీ. హిరోషిగే 1830ల మొదట్లో ఒక కాగితం నిండా మగపిల్లల ఆటలూ ఇంకో కాగితం నిండా ఆడపిల్లల ఆటలూ చిన్న చిన్న బొమ్మలుగా వేశాడు. పిల్లల ఆటల పట్టికగా ఇవాళ్టికీ అది పనికొస్తుంది.

వేసవి ఆటల్లో పిల్లలకూ పెద్దలకూ తేడా చెరిగిపోతుంది. అదే నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. సుమిదా ఒడ్డున చల్లగాలికి పడవ ఎక్కిన ఆడవాళ్ళు, సన్నని పుల్లల బాణసంచా నిప్పురవ్వలు రాలుస్తుంటే వంగి చూసే అమ్మాయిలు, గాజు పాత్రలో బంగారు చేపను ఎత్తి చూపే తల్లి, కీచురాళ్ళ పంజరం కొనివ్వమని చీర చెంగులా అమ్మ కిమోనో అంచు పట్టుకున్న పిల్లవాడు. మిణుగురులను పట్టడానికి చేతిలోని విసనకర్రే ఆయుధం. ఆ వేటను విసనకర్ర మీదే అచ్చు వేస్తే, బొమ్మ పట్టుకున్న స్త్రీ బొమ్మలోని స్త్రీలాగే కూర్చుని ఉంటుంది. కొన్నవాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువ కాబట్టే చిత్రకారుడు వాళ్ళ కళ్ళకు తెలిసిన వివరాలను, ఆ ఏటి కిమోనో గళ్ళను, జుట్టు ముడి పద్ధతిని అంత శ్రద్ధగా వేశాడని నేననుకుంటాను.

అయితే ఈ బొమ్మల్లోని సుఖాన్ని యథాతథంగా నమ్మడం తగదు. ఎడోలో మశూచి, పొంగు పిల్లలను పొట్టన పెట్టుకునేవి. మశూచి సోకిన పిల్లల కోసం పూర్తిగా ఎర్ర రంగుతో బొమ్మలు వేసేవారు. ఎరుపు ఆ రోగాన్ని తరుముతుందని నమ్మకం. జబ్బు తగ్గాక ఆ బొమ్మను కాల్చడమో నీళ్ళలో వదలడమో చేసేవారు. 1862లో పొంగు వ్యాపించినప్పుడు దాని గురించే వరసగా అచ్చు బొమ్మలు వచ్చాయి. విసనకర్రల మీది బొద్దు పిల్లలను ఈ ఎర్ర బొమ్మల పక్కన పెట్టి చూడాలి. అవి జరిగినదాన్ని చూపిస్తున్నంతగానే జరగాలని కోరుకున్నదాన్ని చూపిస్తాయి. ఇంకో లోపం కూడా ఉంది. వీపుకు ఎవరి బిడ్డనో కట్టుకుని తిరిగే పదేళ్ళ పిల్లలు బొమ్మల్లో ఒక మూల కనిపిస్తారు. అప్పు కింద వేశ్యావాటికకు అమ్ముడైపోయిన ఆడపిల్లలు అందగత్తెల వెనక నడిచే చిన్న సేవికలుగా కనిపిస్తారు. వాళ్ళ ఆట ఎవరూ గీయలేదు. గీసినవాళ్ళంతా దాదాపు మగవాళ్ళే. హొకుసాయి కూతురు ఓయి, కునియోషి కూతురు యోషితోరి లాంటి కొద్దిమంది పేర్లు మాత్రమే మనకు అందాయి.

పిల్లల ఆటకు రాజకీయం మోసే బలం కూడా ఉందని 1868లో తేలింది. సైనిక పాలకుడైన షోగున్ పక్షానికీ చక్రవర్తి పక్షానికీ అంతర్యుద్ధం నడుస్తున్న రోజులు. మూడో హిరోషిగే ఒక బొమ్మ వేశాడు. పిల్లలు ఒకరి నడుము ఒకరు పట్టుకుని వరసగా నిలబడతారు. ఎదుటివాడు చివరి పిల్లను పట్టుకోబోతే, ముందున్నవాడు చేతులు చాచి అడ్డుకుంటాడు. బొమ్మ అంతే. కానీ ఒక్కో పిల్లవాడి బట్టల మీది గుర్తు ఒక్కో సంస్థానాన్ని చెబుతుంది. సత్సుమా, చోషు ఒక వైపు, ఐజు ఇంకో వైపు. యుద్ధం గురించి రాయడానికి వీల్లేనప్పుడు ఎడో జనం ఈ బొమ్మలు కొని ఎవరు గెలుస్తారో చర్చించుకున్నారు. పాతికేళ్ళ కింద నీతి బోధ కోసం అధికారులు ప్రోత్సహించిన వస్తువే ఇప్పుడు అధికారుల గుట్టు విప్పింది.

అప్పటికే విసనకర్రలు ఓడలెక్కాయి. బ్రిటిష్ రాయబారి రూథర్‌ఫర్డ్ ఆల్కాక్ 1863లో అచ్చు వేసిన పుస్తకంలో జపాన్‌ను పిల్లల పాలిటి స్వర్గమన్నాడు. ఆ మాట తర్వాతి యాత్రికులందరూ పట్టుకున్నారు. ప్యారిస్‌లో విసనకర్ర ఫ్యాషన్ అయింది. చిత్రకారుడు మనే 1870ల మొదట్లో నీనా ద కల్యా అనే స్త్రీని విసనకర్రలు గుచ్చిన గోడ ముందు గీశాడు. మొనె 1876లో తన భార్య కమీల్‌కు కిమోనో తొడిగి, గోడంతా విసనకర్రలు అతికించి గీశాడు. ఆ రెండింటిలోనూ విసనకర్ర గోడకు అలంకారమే. జపాన్ స్త్రీల బతుకు దాని మీద ఉందన్న ధ్యాస ఎవరికీ లేదు. ఆ ధ్యాస వచ్చినది చిత్రకారిణి మేరీ కసాట్‌కు. 1890లో ప్యారిస్ లలితకళా పాఠశాలలో సీగ్‌ఫ్రిడ్ బింగ్ ఏర్పాటు చేసిన జపాన్ అచ్చు బొమ్మల ప్రదర్శన ఆమె చూసింది. తర్వాతి ఏడాది రాగిరేకుల మీద రంగుల బొమ్మలు పది చేసింది. స్నానం చేయించబోతున్న తల్లి, బిడ్డను గుండెకు హత్తుకున్న తల్లి. ఉతమారో యమౌబా నుంచి ఆమె దాకా గీత నేరుగా వస్తుంది. ఈ వస్తువు ఒక స్త్రీ చేతిలో పడటానికి వందేళ్ళు పట్టింది.

జపాన్‌లో మాత్రం ఆ అంతర్యుద్ధం తర్వాతి మెయిజీ కాలంలో చెక్క అచ్చుకు రాతి అచ్చు, ఫోటో ఎదురొచ్చాయి. రసాయన రంగులు వచ్చి ఎరుపు, ఊదా కళ్ళలో పొడిచేలా మారాయి. 1896 నాటి మియగవా షున్‌తెయ్ పిల్లల ఆటల బొమ్మల్లో అప్పటికే ఒక బెంగ ఉంది. మారిపోతున్న ఆటలను పోకముందే రాసిపెట్టుకునే తొందర అది. 1923 సెప్టెంబరులో భూకంపం, మంటలు టోక్యో పేటలను తుడిచిపెట్టాయి. విసనకర్రల వర్తకుల్లో కొందరు వెదురు దొరికే బోసో ద్వీపకల్పంలోని బోషు ప్రాంతానికి, సముద్రం పక్కన ఫునకత వైపుకు తరలిపోయారు. అక్కడి బోషు విసనకర్రకు 2003లో జాతీయ సంప్రదాయ హస్తకళగా గుర్తింపు వచ్చింది. ఇరవై ఒక్క దశల పని అది. గుండ్రటి వెదురు పిడి, చేత్తో చీల్చిన పుల్లలు అన్నీ ఎడోలో లాగే.

బొమ్మల విషయానికొస్తే, వాడినవి దాదాపు అన్నీ పోయాయి. హిరోషిగే ఒక్కడే వందల కొద్దీ విసనకర్ర బొమ్మలు వేశాడు. వాటిలో చాలావాటికి ఇవాళ ఒకటో రెండో ప్రతులే ఉన్నాయి. మిగిలినవి ఎక్కువగా వర్తకులు నమూనా పుస్తకాల్లో అంటించి దాచుకున్నవీ, వెదురుకు ఎక్కకుండా ఆగిపోయినవీ. అందుకే అంత శుభ్రంగా ఉంటాయి. వెదురు పుల్లల గీతలు పడిన ఒక్క ప్రతి కనబడితే నాకు ఎక్కువ ఆనందం. అది ఎవరి చేతిలోనో ఊగిందని తెలుస్తుంది. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో హిరోషిగే విసనకర్ర బొమ్మలు వందకు పైగా ఉన్నాయి. జపాన్‌లో కుమోన్ విద్యాసంస్థ 1986 నుంచి పిల్లల బొమ్మలనే ప్రత్యేకంగా సేకరిస్తూ వచ్చింది. 2023లో ప్యారిస్ గీమె మ్యూజియం హిరోషిగే విసనకర్రలకే ఒక ప్రదర్శన పెట్టింది. ఇబాయా వారసుల దుకాణం ఇబాసెన్ పేరుతో నిహోంబాషిలోనే నడుస్తోంది. హిరోషిగే, కునిసాడా, కునియోషి బొమ్మలు అంటించిన విసనకర్రలు అక్కడ నేటికీ అమ్ముతున్నారు.